శత్రువులు జతగా కావలెను

కర్నూలులో ఫిజిక్సు పాఠం చెప్పే సోమన్న సారుకు ఒక లెక్క మీద నమ్మకం కుదరాలంటే ఒకటే దారి. ఆ లెక్కను ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరు మనుషులు, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చేసి, ఒకే జవాబు తెచ్చివ్వాలి. స్నేహితులు చేసిన లెక్క ఆయనకు పనికిరాదు. భార్యాభర్తలు చేసింది అసలే పనికిరాదు. కనీసం మూడేళ్ళుగా మాటల్లేని జత కావాలి. అయిదేళ్ళయితే మరీ మంచిది. కోర్టుకెక్కిన జత ఒకటి దొరికిందంటే ఆ రోజు సారు ఇంట్లో పాయసం.

"ఇదేం పద్ధతి సారూ?" అని ఎవరైనా అడిగితే ఆయనకు ఆశ్చర్యం వేసేది, ఇంత చిన్న సంగతి తెలియనివాళ్ళు కూడా ఉంటారా అని.

"స్నేహితులిద్దరికి ఇచ్చినావనుకో, ఒకడు చేస్తాడు, రెండోవాడు చూసి రాస్తాడు. అన్నదమ్ములకిస్తే, పోనీలే చిన్నోడు గదా అని తప్పు గూడా ఒప్పుకుంటారు. అదే పడనోళ్ళకిచ్చి చూడప్పా! ఎదుటోడు ఎట్లా తప్పు చేసింటాడు, నేను మాత్రం చేయకూడదని ఒక్కొక్క అంకెనూ కడిగి ఆరబెట్టి రాస్తారు. వైరంలో ఉండే శ్రద్ధ స్నేహంలో యాడుంటాది?"

ఇంతకూ ఆయన కట్టే లెక్క ఊరికే పొద్దుపోక కట్టేది కాదు. కడప జిల్లా కొండల్లో ఒక నల్లటి సీసపు రాయి దొరుకుతుంది. పగలగొడితే అద్దంలా మెరిసే చిన్న చిన్న ఘనాలుగా విడిపోతుంది. దాని మీద సన్నటి తీగె ఆనించి, మిద్దె మీద ఇంకో తీగె కట్టి, చెవికి గొట్టం పెట్టుకుంటే బ్యాటరీ లేకుండానే మదరాసు రేడియో పాట వినపడుతుందని సారు అనేవాడు. దోమ వినపడుతుందని ఆయన భార్య కృష్ణవేణమ్మ అనేది. ఏది వినపడినా, విన్నవాళ్ళంతా విని ఊరుకున్నారు. సారు మాత్రం ఊరుకోలేదు. "రాయి గదా! కరెంటును ఒక పక్కకే పోనియ్యాల, రెండో పక్కకు పోనియ్యకూడదని దీనికెట్లా తెలిసింది?" అని పట్టుకున్నాడు.

రాయి లోపల ఎలక్ట్రాన్లు ఉంటాయి. వాటికి మెట్లు ఉంటాయి. కొన్ని మెట్ల మీద అవి నిలబడవచ్చు, కొన్నిచోట్ల అడుగు కూడా పెట్టకూడదు. ఆ అడుగు పెట్టకూడని ఖాళీ ఎంతో తెలిస్తే రాయి గుణమంతా తెలిసినట్టే. దాన్ని రాయి ముట్టుకోకుండా, వట్టి కాగితం మీద లెక్క కట్టి చెప్పాలని సారు పంతం.

"ఏముండాది, రాయికి జాతకం రాస్తాండారు" అని కృష్ణవేణమ్మ ఇరుగుపొరుగుకు ఒక్క ముక్కలో చెప్పేసేది. అంతకంటే బాగా చెప్పినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఆ జాతకం పరమాణువు నడిబొడ్డులో మొదలవుతుంది. అక్కడినుంచి అడుగడుగునా ఒక వరుస రాసుకుంటూ బయటికి రావాలి. ప్రతి వరుసలో ఏడంకెల గుణకారాలు. ప్రతి వరుసా తన పైవరుస భుజాల మీద కూర్చుంటుంది. మూడో వరుసలో ఒక్క అంకె జారితే మూడువందలవ వరుసకు వచ్చేసరికి సీసం కాస్తా బెల్లమై కూర్చుంటుంది. అందుకని సారు ఆ లెక్కను ఇరవై ఇరవై వరుసల చీటీలుగా కోసి, ఒక్కొక్క చీటీకి రెండు ప్రతులు రాసి, ఊళ్ళోని శత్రువులకు పంచేవాడు.

కాలేజీలో చేత్తో తిప్పే లెక్కల యంత్రం ఒకటి ఉండేది. దాన్ని ఆయన నమ్మడు. "పాపం ఒంటరిది. దానికి శత్రువులు లేరు, తప్పు చేస్తే పట్టేదెవరు?" అనేవాడు. కలకత్తాలో నిమిషానికి వేలకు వేలు గుణకారాలు చేసే పెద్ద యంత్రం వచ్చిందట అని తోటి లెక్చరరు ఒకాయన పత్రిక తెచ్చి చూపించాడు. సారు శ్రద్ధగా చదివి, "రెండుండాయా? వాటికి ఒకదానికొకటి పడదా?" అని అడిగి, ఒకటే అని తెలిసి పత్రిక మడిచి ఇచ్చేశాడు.

ఊళ్ళోని వైరాలన్నీ ఆయన ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. దానిపేరు వైరాల పట్టీ. ఎవరికి ఎవరితో, ఎందువల్ల, ఏ సంవత్సరం నుంచి, ఎంత గట్టిది. చివరి గడిలో 'మెత్తన', 'గట్టి', 'నాపరాయి' అని మూడు రకాలు. నాపరాయి అంటే బేతంచెర్ల బండ. ఇక విరగదని అర్థం.

ఒకరోజు కరణం పని చేసి మానుకున్న పుల్లయ్యకూ, పక్కింటి పోస్టాఫీసు తిమ్మయ్యకూ మురుగుకాలువ దగ్గర మాటా మాటా వచ్చింది.

"నీ మురుగు నా గడప ముందర పారతాండాది, కండ్లు కనపడల్యా?"

"నీళ్ళు పల్లానికి పోతాయి. నీ ఇల్లు పల్లంలో కట్టుకునింది నేనా?"

నలుగురూ విడిపించడానికి పరుగెత్తారు. సారు చేతులు చాచి వాళ్ళను ఆపేశాడు. "ఆగండప్పా! పాడు చేయొద్దండి. ఇంకా పండల్యా." అందరూ ఆగారు. జగడం గోడ దాటి వాలిన మునగకాయల దగ్గరికి, అక్కడినుంచి తాతల దగ్గరికి పోయింది. "నీ మొగం ఈ జన్మలో చూడను" అన్నాడు పుల్లయ్య. "నేనైతే ఏడు జన్మలు" అన్నాడు తిమ్మయ్య. మూడేళ్ళ లెక్క ఏడు జన్మలతో తీరిపోయిందని సారు తృప్తిగా తలాడించి, జేబులోంచి చీటీలు తీశాడు.

"పుల్లయ్యా, శానా కష్టమైన లెక్క. ఇది తిమ్మయ్యకు గూడా ఇస్తాండా."

"వానికా! స్టాంపులు అతికించేది తప్ప వానికేమొస్తాది? ఇట్లా తే!"

చీటీలు ఇలాగే పోయేవి. ఇవ్వడానికి బతిమాలవలసిన పని ఉండేది కాదు. రెండోవాడి పేరు చెబితే చాలు.

పట్టీలో ఊళ్ళోని వైరాలన్నీ ఉన్నాయిగానీ, ఒక్కటి మాత్రం లేదు. అది సారుదే.

కృష్ణవేణమ్మ అన్న పెద్ద ఈరన్నకు బేతంచెర్లలో బండల గని ఉంది. తొమ్మిదేళ్ళ కిందట ఆయన కొత్త ఇల్లు కట్టి, తన గనిలోని బండల్లోనే ఏరి ఏరి, నునుపు పట్టించి, నేలంతా పరిపించాడు. గృహప్రవేశానికి బేతంచెర్ల బండల వ్యాపారమంతా కదిలి వచ్చింది. పళ్ళెంలోంచి ఒక నిమ్మకాయ జారి కింద పడింది. పడిన చోట ఉండక, పూజగదిలో బయలుదేరి, హాలు దాటి, పెద్దమనుషుల కాళ్ళ సందుల్లో ఎవరికీ తగలకుండా నడిచి, వీధి గడప దగ్గర ఆగింది. చూసినవాళ్ళంతా చూడనట్టు పైకప్పు వైపు చూశారు. సారు మాత్రం జేబులోంచి స్కేలు తీశాడు.

"బావా, పన్నెండడుగులకు ముక్కాలంగుళం వాలుండాది."

ఈరన్న మీసం వణికింది. "నేల వంకర లేదు. కాయ వంకర."

"కాయ గుండ్రంగానే ఉండాది బావా. కావాలంటే ఇంకో కాయ తెప్పించు, సరి చూద్దాం."

ఆ మాటతో మాటలు పోయాయి. ఆనాటినుంచి ఈరన్న ఇంట్లోకి నిమ్మకాయ రాలేదు. చిత్రాన్నానికి చింతపండు, ఎండదెబ్బకు మజ్జిగ, దిష్టికి గుమ్మడికాయ. బేతంచెర్లలో నిమ్మకాయలమ్మే ఆమె ఆ వీధి వస్తే గంప మీద తువ్వాలు కప్పుకుని పోయేదని చెప్పుకునేవాళ్ళు. కృష్ణవేణమ్మ అన్న ఇంటి గడప తొక్కి తొమ్మిదేళ్ళయింది. ఆమె ఏడ్చే మనిషి కాదు. వీధిలో బండల లారీ చప్పుడైతే మాత్రం, పొయ్యి మీద ఏమున్నా వదిలి కిటికీ దగ్గరికి వచ్చి, ఎవరి లారీయో చదివి లోపలికి పోయేది.

"ఊళ్ళోవాండ్లవన్నీ రాసినారు గదా, మన వైరం యాల రాయల్యా?" అని ఒకసారి అడిగింది.

"అది లెక్కకు పనికిరాదులే. దాంట్లో తప్పు నాది" అన్నాడు సారు. "నలుగురి ముందర స్కేలు తీయకూడదు."

"ఆ మాటే అన్నతో చెప్పండి."

"చెప్తే, నేల సరిగ్గా ఉండాదా అని అడుగుతాడు. ముక్కాలంగుళం గదా కృష్ణవేణీ! లేదని ఎట్లా అనేది?"

ఏడో దశాంశంలో ఒకటి అటూ ఇటూ అయితే అన్నం సయించని మనిషి. ముక్కాలంగుళాన్ని ఎలా మింగుతాడు? ఆమె ఇక అడగలేదు.

ఒకరి జవాబు ఒకరితో కలవకపోతే సారుకు ఒక నియమం ఉండేది. ఇద్దరూ వచ్చి, ఆయన వరండాలోని ఒకే ఒక బల్ల మీద కూర్చుని, చెరొక వరుసా పైకి చదివి, తప్పెక్కడుందో పట్టాలి. మిషను బడి టీచర్లు జ్ఞానమణి, విశ్వాసమ్మ ఆ బల్ల మీదికి వచ్చిన రోజు వీధంతా పని మానుకుని చూసింది. వాళ్ళ వైరం ఒక కోడిపుంజు మీద. విశ్వాసమ్మ పుంజు సరిగ్గా జ్ఞానమణి ప్రార్థన వేళకే కూసేది. "పేతురు ముందర కూసిన కోడి గూడా ఇంత గొంతు చించుకోల్యా" అని జ్ఞానమణి అన్న వారానికే ఆ పుంజు మాయమైంది. ఆనాటినుంచి ఆరేళ్ళుగా చర్చిలో ఒకామె కుడి పక్క, ఒకామె ఎడమ పక్క. పట్టీలో 'నాపరాయి'.

మొదటిరోజు ఇద్దరూ బల్ల మీద వీపులు తిప్పుకుని కూర్చుని, గోడకు చెప్పినట్టు అంకెలు చదివారు. రెండోరోజు ఒకరి కాగితంలోకి ఒకరు తొంగిచూశారు, తప్పు పట్టడానికే. మూడోరోజు మధ్యాహ్నం, "అక్కా, ఈడ చూడు. ఏడో వరుసలో నాది ఎనిమిది. నీదేమో మూడు" అన్నది విశ్వాసమ్మ, ఆరేళ్ళ కిందటి అలవాటు కొద్దీ. గుణకారంలో తప్పు లేదు. చీటీలోనే అంకె తేడా. ఇద్దరూ ఒక్కసారే లేచారు.

"సారూ! తప్పు మాది కాదు, మీది!"

"మూడు దినాలు మా ప్రాణం తోడేసినారు గదా సారూ!"

సారు చేతులు కట్టుకుని తిట్లన్నీ తిన్నాడు. ఎండ మండుతోంది. గొడుగు ఒక్కటే ఉంది. ఇద్దరూ దాని కిందే తిట్టుకుంటూ పోయారు. ఒకరినొకరు కాదు, సారును. సరిచేసిన చీటీ మళ్ళీ చేసి, సరిపోయిన జవాబులు తెచ్చినప్పుడు జ్ఞానమణి కొంచెం సిగ్గుపడుతూ, "మేము మాట్లాడుకుంటాండాము సారూ" అని చెప్పింది.

"మరి ఆ కోడి?"

"కూర బాగుండె" అని ఒప్పుకుంది.

"అయ్యో, ఎంత గట్టి జత పోయింది!" అని సారు నిట్టూర్చి పట్టీలో ఎర్రసిరాతో కొట్టేశాడు. ఆ నిట్టూర్పు నిజమైనదే. జతలు ఇలాగే ఒక్కొక్కటీ పాడైపోయేవి. పుల్లయ్యా తిమ్మయ్యా కూడా అదే బల్ల మీద రెండు రోజులు కూర్చుని, సారునే తిట్టి, పోతూ పోతూ మురుగుకాలువకు మూత వేయించుకున్నారు.

అప్పుడు ఊళ్ళో రాజధాని ఉండబట్టి ఆయనకు కొంతకాలం గడిచింది. గుడారాల్లో ఆఫీసులు, ఆఫీసుల్లో గుమాస్తాలు, గుమాస్తాల్లో ఎవరు సీనియరనే తగాదాలు. సారుకు అది పంటకాలం. యాభై ఆరులో రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన రోజు ఊరంతా దిగులుగా రైలు స్టేషనుకు వెళ్ళింది. సారూ వెళ్ళాడు. అందరికంటే ఎక్కువ దిగులుపడ్డాడు. "ఇంకా చీటీలియ్యని పద్నాలుగు జతలప్పా!" అని ప్లాట్‌ఫారం మీద వాపోయాడు. "పద్నాలుగు జతల మంచి శత్రువులు ఒకే రైల్లో పోయినారు!"

మరుసటి ఎండాకాలం మొదట్లో, చెదలు పట్టిందేమోనని కృష్ణవేణమ్మ చీటీల పెట్టెను ఎండలోకి లాగింది. ఆమె ఎనిమిదో తరగతి దాకా చదువుకున్న మనిషి. చీటీలు ఆరబెడుతూ జ్ఞానమణి చీటీ, విశ్వాసమ్మ చీటీ పక్కపక్కన పరిచింది. ఏడో వరుసలో ఒకదాంట్లో మూడు, ఒకదాంట్లో ఎనిమిది. రెండూ సారు చేతిరాతే. ఎనిమిది కింద మాత్రం పెన్సిలుతో ఒక చిన్న చుక్క ఉంది.

ఆమె పుల్లయ్య చీటీ వెతికింది. తిమ్మయ్యది వెతికింది. అక్కడా ఒక అంకె తేడా. అక్కడా ఒక చుక్క. ఇక వంట మాట మరిచిపోయి పెట్టెంతా పరిచింది. ఇరవై మూడు జతల్లో ఇరవై మూడు చుక్కలు. ఆ ఇరవై మూడు జతలూ పట్టీలో ఎర్రసిరాతో కొట్టేసినవే.

సారు కాలేజీ నుంచి రాగానే రెండు కాగితాలు మొహం ముందు పెట్టింది. "ఇదేమి?"

"చెయ్యి వణికింటాది."

"ఇరవై మూడు జతలకు ఇరవై మూడు సార్లు వణికిందా? జతకు ఒక్కసారే వణికిందా? కింద చుక్క పెట్టుకొని మరీ వణికిందా?"

సారు కళ్ళద్దాలు తీసి పంచెతో తుడిచాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"పడనోళ్ళను పిలిచి, రాజీ పడండప్పా అంటే ఎవరన్నా కూర్చుంటారా? తప్పు వెతకండి అంటే కూర్చుంటారు. మొదట ఎదుటోళ్ళ కాగితంలో వెతుకుతారు. యాడా దొరకదు. తరువాత వాండ్ల కాగితంలో వెతుక్కుంటారు. ఆఖరికి నా మీద పడతారు. ఇద్దరూ ఒక గొంతుతో నన్ను తిట్టినారంటే ఇంక పనయిపోయినట్టే."

"ఒక్కొక్క జతతో మీ లెక్క ఎన్నాళ్ళు వెనక పడె?"

"నెల. ఒక్కోసారి ఇంకొంచెం."

"అంటే ఈ రాయి జాతకం రెండేండ్లలో అయిపోయుండు."

"అయిపోయుండు."

"నాలుగేండ్లు పట్టె."

"రాయి యాడికి పోతాది కృష్ణవేణీ?" అన్నాడు సారు. "ఈడనే ఉంటాది."

ఆమె చీటీలన్నీ సర్ది పెట్టెలో పెట్టింది. పెడుతున్నంతసేపూ ఆలోచిస్తూనే ఉంది.

లెక్కలో ఇక ఒక్క చీటీ మిగిలింది. ఆఖరిది. అది తేలితే ఖాళీ ఎంతో తేలుతుంది. రెండు నెలల్లో బెంగుళూరులో శాస్త్రజ్ఞుల సభకు వ్యాసం పంపాలి. ఊళ్ళో జతలు అయిపోయాయి. విధిలేక ఆ చీటీ సారే చేసుకుని, జవాబు ముందు పెట్టుకుని, నమ్మకం కుదరక వారం రోజులు సగం అన్నమే తిన్నాడు.

"మీరు చేసినారు సరే. సరి చూసేదెవరు?" అంది కృష్ణవేణమ్మ.

"జతలు యాడుండాయి?"

"జత యాల? మీరొకరు. మీకు పడనోడు ఇంకొకడు. బేతంచెర్లలో ఉండాడు. తొమ్మిదేండ్ల వైరం, నాపరాయి."

సారు గతుక్కుమన్నాడు. "బావకు దశాంశాలు రావు."

"అంగుళంలో పదహారో వంతు కంటితో చూసి చెప్తాడు మా అన్న. దశాంశం ఒక లెక్కా?"

"నేల వాలు మాత్రం కంటికి..."

"నోరు మూయండి. మీ అక్షరం చూస్తే చించేస్తాడు. కాగితం ఇయ్యండి, నేను ఎత్తి రాస్తా."

సారు లోపలికి వెళ్ళి, కొంచెం ఆలస్యంగా వచ్చి, అంకెల కాగితం చేతికిచ్చాడు. ఆమె గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాసింది. నాలుగో వరుసలో ఆరు ఉన్నచోట తొమ్మిది వేసింది. చుక్క పెట్టలేదు. చుక్క లేకున్నా ఆమెకు గుర్తుంటుంది. కింద ఒక ముక్క రాసింది: 'అన్నా, ఈ లెక్క ఆయన చేసినాడు. తప్పుండాదేమో చూడు.' ఖాళీగా తిరిగిపోతున్న బండల లారీకి ఇచ్చి పంపింది. తొమ్మిదేళ్ళలో పెద్ద ఈరన్నకు ఇంత తియ్యటి జాబు ఎవరూ రాయలేదు.

పదోరోజు లారీ వచ్చి ఇంటి ముందు ఆగింది. నలుగురు మనుషులు కలిసి ఒక బండ దించారు. ఈరన్న లెక్కలు బండ మీద సుద్దతో తప్ప చేయడు. సుద్దయితే దారిలో చెరిగిపోతుందని మొత్తం ఇరవై వరుసలూ ఉలితో చెక్కించి పంపాడు. చివర జానెడు అక్షరాలు: సోమన్న లెక్క తప్పు.

సారు భూతద్దం తెచ్చి బండ మీద బోర్లా పడుకుని చదివాడు. తన లెక్క మళ్ళీ చేసి, ఒప్పేనని కాగితం పంపాడు. వారానికి రెండో బండ వచ్చింది: మళ్ళీ చేసినా. మళ్ళీ తప్పే. నాది కాదు. పుల్లయ్యా తిమ్మయ్యా జతగా వచ్చి చదివి, "బాగా చెక్కినాడప్పా" అని మెచ్చుకుని పోయారు. సారు ఇంకో కాగితం పంపాడు. మూడో బండ మీద రెండే ముక్కలు ఉన్నాయి: మనిషి రావాల.

ద్రోణాచలంలో బండి మారి భార్యాభర్తలు బేతంచెర్లలో దిగారు. పెద్ద ఈరన్న ఇంటి అరుగు మీద, మీసాల నిండా రాతిపొడితో కూర్చుని ఉన్నాడు. చెల్లెలి వైపు చూడలేదు. భార్యను కేకేశాడు. "గిడ్డమ్మా! వచ్చినోళ్ళకు నీళ్ళియ్యి. లెక్క బయటనే చూస్తాం."

కృష్ణవేణమ్మ గడప వైపు ఒకసారి చూసి, వేపచెట్టు కింద బండల దొంతర మీద కూర్చుంది.

నునుపు పట్టిన బండ ఒకటి మధ్యలో వేశారు. రెండు సుద్దముక్కలు తెచ్చారు.

"గిడ్డమ్మా, ఆయన్ను మొదటి వరుస చదవమను."

"అక్కా, చదువుతాండానని బావకు చెప్పు."

మూడో వరుసకు గిడ్డమ్మ కొంగు దులుపుకుని లేచింది. "నేనేమన్నా టెలిగ్రాఫు తీగెనా? నాకు పొయ్యి మీద పప్పుండాది. మీరే చెప్పుకోండి." లోపలికి వెళ్ళిపోయింది. మగవాళ్ళిద్దరూ బండ వైపు తిరిగారు.

"నాలుగో వరుస. ఆరు" అన్నాడు సారు, బండతో.

"తొమ్మిది" అన్నాడు ఈరన్న, బండతోనే.

ఇద్దరూ తలెత్తారు. చీటీ తీసి చూశారు. ఇద్దరూ ఒక్కసారే కృష్ణవేణమ్మ వైపు తిరిగారు.

"ఏమ్మీ, ఎనిమిదో తరగతి దాకా చదివినావు, ఆరుకూ తొమ్మిదికీ తేడా తెలియదా?" అన్నాడు ఈరన్న. తొమ్మిదేళ్ళ తరువాత చెల్లెలితో ఆయన మొదటి మాట అదే.

"చెయ్యి వణికిందన్నా" అంది ఆమె.

సారు కళ్ళద్దాలు తీసి పంచెతో తుడవడం మొదలుపెట్టాడు.

అంకె దిద్ది మళ్ళీ చేశారు. జవాబులు ఇంకా కలవలేదు. ఈసారి కృష్ణవేణమ్మే ఆశ్చర్యపోయింది. ఆమె వేసింది ఒక్క తప్పే. పొద్దు వాలింది. ఆ పూట గిడ్డమ్మ విస్తళ్ళు వేపచెట్టు కిందికే తెచ్చింది, పడకలు అరుగు మీదే వేసింది. మరునాడు మళ్ళీ మొదటి వరుస నుంచి. ఇప్పుడు మధ్యలో గిడ్డమ్మ అవసరం లేకపోయింది. "నువ్వు శానా తొందరగా చదువుతాండావు బావా" అని ఒకరు, "నువ్వే నిదానంగా రాస్తాండావు" అని ఇంకొకరు. మధ్యాహ్నానికి పదిహేడో వరుస.

"నాది రెండు."

"నాది ఏడు బావా."

సారు ఎత్తి రాసుకొమ్మని ఇచ్చిన కాగితం కృష్ణవేణమ్మ సంచిలోనే ఉంది. తీసి చూసింది. పదిహేడో వరుసలో రెండు అనే ఉంది, సారు చేతిరాతలో. దాని కింద పెన్సిలుతో ఒక చిన్న చుక్క.

ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన దూరంగా కొండలను ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నాడు. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

సాయంత్రానికి రెండు జవాబులూ ఏడో దశాంశం దాకా కలిశాయి. ఈరన్న సుద్దముక్క కింద పెట్టాడు.

"అయితే గుణకారంలో నేను యాడా తప్పు చేయల్యా?"

"ఒక్కటీ చేయల్యా బావా. నాలుగేండ్లలో ఇంత శుభ్రమైన లెక్క నాకెవరూ చేసియ్యల్యా."

సారు నోట ఉత్తపొగడ్త రాదని ఈరన్నకు ఇంట్లో నేల సాక్షిగా తెలుసు. అందుకే ఆ మాట లోతుగా దిగింది. ఆయన లేచి, పంచె దులుపుకుని, ఎటో చూస్తూ అన్నాడు. "చేతుల నిండా సుద్ద. లోపలికి రాండి, కడుక్కుందురు."

కృష్ణవేణమ్మ కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. గిడ్డమ్మ అక్కడే చెంబుతో నిలబడి ఉంది, పొద్దుటినుంచీ అక్కడే నిలబడి ఉన్నట్టు.

ఆ వ్యాసం వేళకే బెంగుళూరు చేరింది. చివర సారు నలభై ఏడు మందికి కృతజ్ఞతలు రాశాడు. మొదట జతలు జతలుగా నలభై ఆరు పేర్లు, చివర ఒంటరిగా పెద్ద ఈరన్న పేరు. వీళ్ళంతా ఏ కాలేజీ శాస్త్రజ్ఞులని సభవాళ్ళు జాబు రాసి అడిగితే, 'అందరూ శత్రువులు' అని సారు కార్డు ముక్క రాశాడట. అది తరువాతి మాట.

ఆ రోజు భోజనాలయ్యాక ఈరన్న జేబులో చెయ్యి పెట్టి ఒక నిమ్మకాయ తీశాడు. గిడ్డమ్మ చేతిలోని చెంబు జారింది.

"ఈ ఇంట్లో నిమ్మకాయనా!"

"పొద్దున గనికాడికి పోతా కొన్నా." ఆయన సారు వైపు చూడకుండా నేల వైపు చూస్తూ చెప్పాడు. "తొమ్మిదేండ్లలో ఈ నేల మూడుసార్లు పీకి పరిపించినా బావా. నువ్వు ఎప్పుడో ఒకప్పుడు వస్తావు గదా, చూపియ్యాలని."

పూజగది ముందు వంగి, కాయను మెల్లగా నేల మీద పెట్టి, చెయ్యి తీశాడు.

కాయ నిలబడింది. ఈరన్న మీసం కొంచెం లేచింది. కాయ ఇంకా నిలబడే ఉంది. తరువాత ఎవరో పిలిచినట్టు కదిలింది. తొందర లేకుండా హాలు దాటి, కృష్ణవేణమ్మ పాదం పక్కగా పోయి, వీధి గడపకు తగిలి ఆగింది.

సారు చొక్కా జేబులోంచి స్కేలు కొన బయటికి కనపడుతోంది. కృష్ణవేణమ్మ దాన్నే చూస్తూ నిలబడింది.

సారు లేచాడు. గడప దాకా నడిచి వంగి కాయను తీసుకున్నాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. బొటనవేలితో అటు తిప్పి, ఇటు తిప్పి, ఒక కన్ను మూసి మళ్ళీ చూశాడు. ఏడు దశాంశాలదాకా చూసినంతసేపు చూశాడు.

"కాయ వంకర బావా" అన్నాడు.

ఈరన్న ఆయనను చాలాసేపు పరికించి చూశాడు. "ఇంకో కాయ తెప్పించనా? సరి చూసుకుందువు."

"వొద్దు బావా" అన్నాడు సోమన్న సారు. "నాకు నమ్మకం కుదిరింది."

మళ్ళీ ఎవరికీ దొర్లించి చూడాలని బుద్ధి పుట్టకముందే గిడ్డమ్మ ఆ కాయను ఆయన చేతిలోంచి లాక్కుని, అడ్డంగా కోసి, నలుగురికీ నాలుగు గ్లాసుల్లో పిండేసింది.